చెరిపేసిన ముద్ర: బారీ కంచు పులి పరీక్ష, పరిరక్షణ

పరీక్షకు వచ్చిన వస్తువు ఒక కంచు పులి. తల కొంచెం వంచి నడుస్తోంది. పొడవు 40 సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ, ఎత్తు దాదాపు అందులో సగం. కాళ్ళ కింద నేలను సూచించే పలుచని పీఠం, దాని మీద పెద్ద అక్షరాల్లో శిల్పి పేరు: బారీ. యజమానురాలు అమెరికా తూర్పు తీరంలో స్థిరపడినవారు. ఈ బొమ్మను ఆమె తండ్రి 1970లలో ఒక పురాతన వస్తువుల వ్యాపారి దగ్గర కొన్నారు. ‘ఆంత్వాన్-లూయీ బారీ, సుమారు 1845, శిల్పి సొంత పోతశాల’ అని రాసిన అప్పటి రసీదు కూడా వారి దగ్గర భద్రంగా ఉంది. ఈ మధ్య బీమా కోసం విలువ కట్టడానికి వచ్చిన వ్యక్తి బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, ఇది నకిలీ కావచ్చని చెప్పి వెళ్ళారట. ఆమె నన్ను కోరినవి రెండు. ఇది అసలుదో నకిలీదో తేల్చాలి. పులి పొట్ట కింద, పీఠం మూలల్లో పుట్టిన లేత ఆకుపచ్చ మచ్చలకు చికిత్స చేయాలి.

లోహ వస్తువుల పరిరక్షణలో రెండోది మాకు రోజువారీ పని. మొదటి ప్రశ్నకు మాత్రం, అడిగిన తీరులోనే జవాబు చెప్పడం కుదరదు. బారీ చేసిన ఒకే జంతువు నమూనా నుంచి వచ్చిన పోతలు స్థూలంగా నాలుగు రకాలుగా లోకంలో తిరుగుతున్నాయి. శిల్పి తన కళ్ళముందు పోయించినవి మొదటి రకం. నమూనాలు అప్పుల కింద మరొకరి అధీనంలో ఉన్న కాలంలో పోసినవి రెండో రకం. శిల్పి చనిపోయాక నమూనాలను చట్టబద్ధంగా కొన్నవారు పోసినవి మూడోవి. ఏ హక్కూ లేకుండా, తయారైన బొమ్మకే అచ్చు తీసి పోసినవి నాలుగోవి. నాలుగింటి మీదా అదే సంతకం ఉంటుంది. చేతిలో ఉన్నది ఏ రకమో తెలియాలంటే నమూనా ఏ ఏడాది ఎవరి చేతిలో ఉందో తెలియాలి. అందుకే ఈ నివేదికలో పులి కంటే ముందు మనిషి గురించి రాస్తున్నాను.

శిల్పి

బారీ 1795లో పారిస్‌లో పుట్టాడు. తండ్రి స్వర్ణకారుడు. పిల్లవాడు పదమూడు, పద్నాలుగేళ్ళ వయసుకే లోహం మీద చెక్కే పనిలో కుదిరాడు. తర్వాత నెపోలియన్‌కు వెండి బంగారు సామాను చేసిచ్చే బియెన్నే కార్ఖానాలో పని నేర్చుకున్నాడు. 1812లో సైన్యంలోకి తీసుకుంటే అక్కడ కూడా భూభాగాల ఎత్తుపల్లాల నమూనాలు చేసే విభాగంలో పెట్టారు. సైన్యం నుంచి వచ్చాక శిల్పి బోసియో దగ్గర, చిత్రకారుడు గ్రో దగ్గర శిష్యరికం చేసి 1818లో లలితకళల పాఠశాల ఎకోల్ దె బోజార్‌లో చేరాడు. ఆ రోజుల్లో ఫ్రాన్సులో శిల్పిగా పైకి రావాలంటే గెలిచినవారిని రోమ్‌లో చదువుకోవడానికి పంపే రోమ్ బహుమతి సాధించడమే రాజమార్గం. బారీ పదే పదే పోటీ చేశాడు, 1820లో రెండో బహుమతి దాకా వచ్చాడు, మొదటిది మాత్రం ఎన్నడూ దక్కలేదు. 1823 నుంచి ఫొకొన్నియే అనే స్వర్ణకారుడి దగ్గర చిన్న చిన్న జంతువుల నమూనాలు చేస్తూ జీవనం సాగించాడు.

ఆ బహుమతి రాకపోవడం అతని శిల్పానికి మేలే చేసిందని నా అభిప్రాయం. రోమ్‌కు వెళ్ళి ఉంటే పాత పాలరాతి దేవతలను చూస్తూ ఏళ్ళు గడిపేవాడు. పారిస్‌లో ఉండిపోయాడు కాబట్టి జార్దాన్ దె ప్లాంత్ జంతుశాలకు అలవాటు పడ్డాడు. బోనుల ముందు నిలబడి బొమ్మలు గీశాడు. జంతువు చనిపోతే శవం కోస్తున్నప్పుడు వెళ్ళి ఎముకలు, కండరాలు కొలిచాడు. చిత్రకారుడు దెలాక్రువా ఈ పనిలో అతనికి తోడు. 1828లో అక్కడి సింహం చనిపోయినప్పుడు, వెంటనే పరుగెత్తుకు రమ్మని దెలాక్రువా బారీకి రాసిన చీటీ ఇప్పటికీ ప్రసిద్ధం. మన పులి నడకలో భుజం ఎముక చర్మం కిందినుంచి పైకి పొడుచుకొచ్చే తీరు చూస్తే ఆ కొలతలు ఎందుకు తీసుకున్నాడో అర్థమవుతుంది. అడుగు ముందుకు పడుతున్న వైపు భుజం ఒకలా, బరువు మోస్తున్న వైపు భుజం మరొకలా ఉంటాయి.

ఆనాటి ఫ్రాన్సు అధికారిక కళాప్రదర్శన సలోన్‌లో 1831లో అతను పెట్టిన ‘ఘరియల్‌ను తింటున్న పులి’ అందరి దృష్టినీ లాగింది. ఘరియల్ మన గంగానదిలో ఉండే సన్నమూతి మొసలి, చేపలు తిని బతుకుతుంది. బారీ మన దేశం ఎన్నడూ చూడలేదు. అయినా ఆ మొసలి ఒళ్ళు మెలితిరిగి పులి కింద విలవిలలాడడంలో, పులి దవడ బిగించి నేలకు అణిగిపోవడంలో ఊహించి చేసినట్టు ఒక్క గీత కూడా కనిపించదు. 1833లో వచ్చిన ‘సర్పాన్ని నలుపుతున్న సింహం’ అతనికి లెజియన్ ఆఫ్ ఆనర్ గౌరవం తెచ్చింది. దాన్ని హోనొరే గోనాన్ మైనపు పద్ధతిలో కంచులో పోశాడు. ఆ పోత పారిస్‌లోని తుయిలరీ తోటలోకి చేరింది.

ఆ తర్వాతి ఘట్టమే మన బొమ్మకు అసలు మూలం. 1834లో రాజకుమారుడు డ్యూక్ ఆఫ్ ఓర్లియాన్ తన విందు బల్లకు అలంకారంగా తొమ్మిది కంచు సమూహాలు చేసిపెట్టమన్నాడు: ఐదు వేట దృశ్యాలు, నాలుగు జంతువుల పోరాటాలు. నడిమి దృశ్యం పులి వేట. ఏనుగు మీద భారతీయ వేషాల్లో వేటగాళ్ళు, దాని మీదికి ఎగబాకుతున్న పులులు. వేట దృశ్యాలు ఐదూ ఇప్పుడు బాల్టిమోర్‌లోని వాల్టర్స్ మ్యూజియంలో ఉన్నాయి, వీలున్నవారు తప్పక చూడాలి. 1837లో ఈ సమూహాలను సలోన్‌కు పంపితే ఎంపిక సంఘం తిప్పికొట్టింది. ఇది స్వర్ణకారుడి పనితనమే తప్ప శిల్పం కాదన్నది వారి వాదన. బల్ల మీద పెట్టే వస్తువు శిల్పం ఎలా అవుతుందన్నారు. బారీ ఆ అవమానాన్ని మరచిపోలేదు. 1850 దాకా మళ్ళీ సలోన్ గడప తొక్కలేదు.

సలోన్ తలుపు మూసుకున్నాక చిన్న కంచు బొమ్మలను నేరుగా జనానికి అమ్మడం మొదలుపెట్టాడు. సొంత పోతశాల పెట్టుకున్నాడు. ధరలతో జాబితాలు అచ్చు వేయించాడు. నడిచే పులి, దానికి జతగా నడిచే సింహం ఈ దశలో పుట్టినవే. మధ్యతరగతి ఇళ్ళలో గూటి మీద, పుస్తకాల బల్ల మీద నిలబడే కొలతలు వాటివి. కొన్ని తొలి పోతల మీద వరుస సంఖ్యలు కూడా కొట్టించాడు. పని నాణ్యతలో రాజీ పడేవాడు కాదు, నచ్చని పోతను మళ్ళీ చేయించేవాడు. కళాకారుడిగా అది గొప్ప గుణమే, వ్యాపారానికి మాత్రం అది నష్టం. 1845లో ఎమిల్ మార్తాన్ అనే పెట్టుబడిదారుడితో కలిసి కంపెనీ పెట్టాడు. 1848 విప్లవం తెచ్చిన మాంద్యంలో అప్పులు మీదపడి నమూనాలు మార్తాన్ అధీనంలోకి వెళ్ళిపోయాయి. 1857 వరకు బారీ జంతువులను అమ్మింది మార్తానే. తన చేతులతో చేసిన పులిని తాను పోసుకునే వీలు లేకుండా శిల్పి సుమారు తొమ్మిదేళ్ళు గడిపాడన్న మాట.

గౌరవాలు ఆలస్యంగా వచ్చాయి, వచ్చినప్పుడు వరుసగా వచ్చాయి. 1854లో ప్రకృతి చరిత్ర మ్యూజియంలో జంతు చిత్రణ ఆచార్యుడయ్యాడు. అప్పటికి యువకుడైన శిల్పి రోడిన్ కొంతకాలం అక్కడ అతని శిష్యుడు. లూవ్ర్ భవనం కొత్త భాగాలకు యుద్ధం, శాంతి, బలం, క్రమం అనే నాలుగు రాతి సమూహాలు చేశాడు. 1855 అంతర్జాతీయ ప్రదర్శనలో కంచు విభాగంలో పెద్ద పతకం అతనిదే. 1868లో ఫ్రెంచి లలితకళల అకాడమీ సభ్యత్వం ఇచ్చింది. 1873లో అమెరికన్ సేకర్త విలియం వాల్టర్స్ వాషింగ్టన్‌లోని కార్కరన్ గ్యాలరీ తరఫున, దొరికే ప్రతి కంచు బొమ్మకూ ఒక్కో ప్రతి చొప్పున చేయించమన్నాడు. నూటికి పైగా బొమ్మలు. ఇవన్నీ శిల్పి బతికుండగా, అతని ఎరుకలో పోసినవి కాబట్టి మాలాంటివారికి పోలిక కోసం వీటికి మించిన ఆధారం లేదు.

బారీ 1875 జూన్ 25న చనిపోయాడు. 1876లో పారిస్ వేలంశాల ఓతెల్ ద్రువోలో అతని నమూనాలను వేలం వేశారు. అప్పటికే పారిస్‌లో పేరున్న పోతశాల అధిపతి ఫెర్దినాన్ బార్బెదియెన్ వాటిలో చాలా పెద్ద భాగం కొన్నాడు. ఆ సంస్థ 1950ల దాకా నడిచింది. అంటే శిల్పి పోయాక దాదాపు ముప్పాతిక శతాబ్దం పాటు అతని జంతువులు చట్టబద్ధంగానే పుడుతూ వచ్చాయి. వాటిలో తొలి పోతలు చాలా మంచివి. వాటిని నకిలీలు అనడం అన్యాయం. శిల్పి స్వయంగా చేయించినవని చెప్పి అమ్మడం మోసం.

పోత పద్ధతి గురించి

మన పంచలోహ విగ్రహాలు పోసే పద్ధతిలో మైనపు బొమ్మ కరిగిపోతుంది, మట్టి అచ్చు పగిలిపోతుంది, మిగిలేది ఒక్క విగ్రహం. బారీ చిన్న బొమ్మలు ఎక్కువగా ఇసుక పోతలు. ముందు శిల్పి చేసిన ప్లాస్టర్ నుంచి ఒక కంచు మూల నమూనా తయారవుతుంది. దాన్ని ఎంతో శ్రద్ధగా చెక్కి, ఒకదానిలో ఒకటి ఇమిడేలా ముక్కలుగా చేస్తారు. ఫోంతెనే-ఒ-రోజ్ ప్రాంతం నుంచి తెచ్చే సన్నని, జిగటగల ఇసుకలో ఆ ముక్కలను అదిమి అచ్చు తీస్తారు. ఇసుక అచ్చు ఒక్క పోతకే పనికొస్తుంది, మూల నమూనా మాత్రం అలాగే ఉంటుంది. తోక, కాళ్ళు విడిగా పోసి శీలలతో బిగించి, అతుకు కనపడకుండా ఉలితో సరిచేసి, రసాయనాలతో వేడి మీద పాటినా అనే రంగు పొర పూస్తారు. బారీ గోధుమ రంగు మీద పొరలు పొరలుగా ఆకుపచ్చ తేలేలా చేయించిన పాటినాలను అప్పటివారే ప్రత్యేకంగా చెప్పుకున్నారు.

ఈ పద్ధతి వల్ల ఒక ముఖ్యమైన పరీక్ష సాధ్యమవుతుంది. కరిగిన కంచు చల్లారేటప్పుడు ఒకటి, ఒకటిన్నర శాతం కుంచించుకుపోతుంది. మూల నమూనా నుంచి పోసిన బొమ్మలన్నీ ఒకే కొలతలో ఉంటాయి. తయారైన బొమ్మకు అచ్చు తీసి పోస్తే ఇంకో మెట్టు కుంచించుకుపోతుంది. 40 సెంటీమీటర్ల పులికి అది నాలుగు నుంచి ఆరు మిల్లీమీటర్లు, మామూలు కాలిపర్‌తోనే పట్టుకోవచ్చు. వివరాలు కూడా సబ్బులా అరిగినట్టు మెత్తబడతాయి.

పరీక్ష

మొదట కొలతలు. మ్యూజియం జాబితాల్లో అచ్చయ్యే మొత్తం పొడవు, ఎత్తుల మీద నేను ఆధారపడను. తోక చివర నుంచి కొలిచారా, పీఠం అంచు నుంచి కొలిచారా అనేదాన్ని బట్టి అవి మారిపోతాయి. కన్నుకు కన్నుకు మధ్య, ముక్కు కొన నుంచి భుజం ఎముక శిఖరానికి, ముందు పంజా గోరు నుంచి వెనుక మడమకు, ఇలా బొమ్మ మీదే మారని బిందువుల మధ్య కొలవాలి. చరిత్ర స్పష్టంగా తెలిసిన ఒక పోతతో పోల్చినప్పుడు తేడా కొలిచే పరికరం పొరపాటు పరిధి దాటలేదు. పులి చారలను చెక్కిన గీతలు పదునుగా ఉన్నాయి, ఉలి ఎక్కడ మొదలై ఎక్కడ లేచిందో భూతద్దంలో తెలుస్తోంది. పోత మీద పోత అనే అనుమానం ఇక్కడే తీరిపోయింది. విలువ కట్టిన వ్యక్తి చెప్పింది ఆ మేరకు సరికాదు.

తర్వాత లోహ మిశ్రమం. లోహంలో ఏయే మూలకాలున్నాయో చూపే ఎక్స్-రే ఫ్లోరెసెన్స్ పరికరంతో పాటినా మీద కాకుండా, పీఠం అడుగున శుభ్రమైన లోహం కనిపించే చోట చదివాను. రాగి ప్రధానంగా, దానితో జింకు, కొద్దిగా తగరం, ఇంకా తక్కువగా సీసం వచ్చాయి. 20వ శతాబ్దంలో శిల్పాల పోతలోకి వచ్చిన సిలికాన్ కంచు ఇది కాదని చెప్పడానికి ఇది చాలు. అంతకు మించి చెప్పదు. 1845 నాటి పారిస్ కంచును 1880 నాటి పారిస్ కంచు నుంచి ఒక్క లోహ విశ్లేషణతో వేరు చేస్తామనే వారిని నేను నమ్మను. అంకెలు చూపించి తేదీ చెప్పే నివేదికలు మార్కెట్లో చాలా ఉన్నాయి, వాటిని చూస్తే నాకు బాధ కలుగుతుంది.

అడుగున బిగించిన మరలు, నట్లు పాతవే, చేతితో కోసినవి, లోపలి ఉపరితలం రంగుతో సరిపోతున్నాయి. ఒక మూల నల్లటి ఇంకుతో రాసిన అంకెల జాడ ఉంది, ఎవరో తడిగుడ్డతోనో ద్రావకంతోనో తుడిచినట్టు మసకబారింది. బార్బెదియెన్ పోతల్లో లోపలివైపు ఇలా చేతిరాత అంకెలు తరచుగా కనిపిస్తాయి. వాటిని ఎవరైనా ఎందుకు తుడవాలి?

అక్కడి నుంచి నా దృష్టి పీఠం మీదికి మళ్ళింది. బార్బెదియెన్ పోసిన బొమ్మల్లో పోతశాల పేరు పీఠం పైనో, పక్క అంచు మీదో ఉంటుంది. మన పులి పీఠానికి వెనుకవైపు అంచు మీద వేలంత పొడవున ఒక భాగం మిగతా నేల కంటే నునుపుగా ఉంది. మామూలు వెలుతురులో ఎవరికీ పట్టదు, వేలితో తడిమితే మాత్రం తెలుస్తుంది. దీపాన్ని పక్కనుంచి ఏటవాలుగా పెట్టినప్పుడు ఆ భాగంలో ఒకే దిశలో సాగే ఆకురాయి గీతలు బయటపడ్డాయి. అవి చుట్టూ ఉన్న నేల గరుకును అడ్డంగా కోసుకుంటూ పోయాయి. అంటే ఉలి పని, పాటినా పూర్తయ్యాకే అక్కడ ఆకురాయి పడింది. ఆ చోట పాటినా కూడా వేరు. మిగతా అంతటా గోధుమ రంగు కింద వెచ్చని ఎరుపు తొంగిచూస్తుంటే ఇక్కడ చల్లని చదునైన నలుపు ఉంది.

ఇది పోతలో వచ్చిన లోపాన్ని ఆనాడే సరిచేసిన గుర్తు కావచ్చా అని కూడా ఆలోచించాను. గాలిబుడగ వల్ల గుంట పడితే పోతశాలలో కంచు బిళ్ళ దిగ్గొట్టి, సుత్తితో అణిచి, దాని మీద మళ్ళీ నేల గరుకు చెక్కుతారు. ఇక్కడ బిళ్ళ లేదు, మళ్ళీ చెక్కిన ఆనవాలూ లేదు. దీపాన్ని చుట్టూ వేర్వేరు కోణాల్లో మారుస్తూ ఫోటోలు తీసి కంప్యూటర్‌లో కలిపే పద్ధతిలో చూసినప్పుడు సందేహం పూర్తిగా పోయింది. నునుపు భాగం కుడి చివర రెండు అక్షరాల పాదాలు మిగిలిపోయాయి. వాటి ఆకారం, వాటి మధ్య దూరం పోతదారు అనే అర్థమిచ్చే ‘ఫోందెర్’ అనే ఫ్రెంచి మాట చివరి అక్షరాలతో సరిపోతున్నాయి. బార్బెదియెన్ ముద్రలో పేరు తర్వాత తరచుగా వచ్చేది ఆ మాటే.

రెండో ఆధారం ఇంకా బలమైనది. బార్బెదియెన్ తొలి దశలో పోసిన బారీ బొమ్మల్లో కొన్నింటి పీఠంలో సంస్థ పేరులోని రెండు పొడి అక్షరాలున్న చిన్న బంగారు ముద్ర పొదిగి ఉంటుంది. అతినీలలోహిత కాంతిలో పులి పీఠాన్ని చూస్తే, చెరిపిన చోటుకు దగ్గరలోనే బియ్యపు గింజకంటే చిన్నదైన ఒక చోటు లేత నీలంగా మెరిసింది. కంచు అలా మెరవదు, జిగురు మెరుస్తుంది. యజమానురాలి అనుమతితో ఆ పూడికను సూక్ష్మదర్శిని కింద అసిటోన్‌తో మెత్తబరిచి తీశాను. లోపల నాలుగు వైపులా నిటారు గోడలతో దీర్ఘచతురస్రాకారపు గుంట ఉంది. దాని అడుగున ఎక్స్-రే పరికరం బంగారం ఉనికి చూపించింది. పీఠం మీద ఇంకెక్కడా బంగారం లేదు.

కాబట్టి జరిగింది ఇది. 1876 వేలం తర్వాత, ఈ ముద్ర వాడిన తొలి దశలో, బారీ నమూనా నుంచి బార్బెదియెన్ పోతశాల ఈ పులిని పోసింది. తన పేరు, తన బంగారు ముద్ర వేసి, దాపరికం లేకుండా అమ్మింది. తర్వాత ఎప్పుడో ఎవరో ఆ పేరు అరగదీశారు, బంగారం పెకిలించారు, లోపలి అంకెలు తుడిచారు, శిల్పి స్వయంగా పోసిన బొమ్మగా చెలామణి చేశారు. శిల్పి జీవితకాలపు పోతకూ మరణానంతర పోతకూ మార్కెట్ ధరలో ఉన్న తేడాయే దీనికి కారణం. రసీదు మీద ‘శిల్పి సొంత పోతశాల’ అని ఉంది కాబట్టి ఈ చెరిపివేత ఆ అమ్మకం నాటికే జరిగి ఉండాలి. చెరిపింది ఎవరో రసీదు చెప్పదు, అమ్మిన వ్యాపారికి తెలుసో లేదో కూడా చెప్పదు. అందుకే నివేదికలో ఎవరి మీదా నింద రాయలేదు.

నాకు కోపం తెప్పించిన విషయం ఒకటుంది. ఆ ఆకురాయి పట్టిన మనిషి బార్బెదియెన్ పనివాళ్ళ కష్టాన్ని కూడా తుడిచేశాడు. చారలను అంత పదునుగా చెక్కింది వాళ్ళే. బారీని బంగారు పనివాడని చిన్నచూపు చూసి సలోన్ తలుపు మూసింది. నలభై యాభై ఏళ్ళ తర్వాత అతని బొమ్మను పోసిన పనివాళ్ళ పేరు అతని కీర్తి కోసమే చెరిగిపోయింది.

చికిత్స

ఆకుపచ్చ మచ్చలను చూసి యజమానురాలు కంచు రోగం అనుకున్నారు. ఆ భయం సహేతుకమే. క్లోరైడ్లు లోహంలో చేరితే తేమ తగిలినప్పుడల్లా లేత ఆకుపచ్చ పొడి రాలుతుంది, పట్టించుకోకపోతే గుంటలు పడతాయి. అయితే పొట్ట కింద మచ్చలు పొడిగా లేవు, గోటితో తాకితే మైనంలా జారాయి. కొద్దిగా తీసి వెండి నైట్రేట్‌తో పరీక్షిస్తే క్లోరైడ్ లేదని తేలింది. ఎప్పుడో పూసిన నూనె లేదా మైనంలోని కొవ్వు ఆమ్లాలు రాగితో కలిసి ఏర్పడిన పదార్థం అది. ఇంట్లో పెట్టుకున్న కంచు బొమ్మల మీద చాలా మామూలు. మినరల్ స్పిరిట్స్‌తో తడిపిన దూది, చెక్కిన వెదురు పుల్లలు సరిపోయాయి. పీఠం మూలల్లో ఉన్నది ఇంకోటి: ఇత్తడి సామాను తోమే పాలిష్ ఎండి మిగిలిన సుద్ద. ఎవరో ప్రేమతోనే తోమి ఉంటారు. అది చెవుల అంచులు, వెన్ను మీద పాటినాను కొంత అరగదీసింది. పోయిన పాటినాను తిరిగి పూయలేదు. అరుగు కూడా వస్తువు చరిత్రలో భాగమే, దాని వల్ల లోహానికి ఏ ప్రమాదమూ లేదు.

చెరిపిన చోటు విషయంలో కాస్త చర్చ జరిగింది. పోతశాల పేరును మళ్ళీ చెక్కించవచ్చు కదా, నిజమే కదా అని కుటుంబంలో ఒకరు అడిగారు. నేను ఒప్పుకోలేదు. చెక్కిన మరుక్షణం మిగిలిన ఆ రెండు అక్షరాల పాదాలు, ఆకురాయి గీతలు పోతాయి. ఇప్పుడు మన వాదనకు బలం అవే. పైగా కొత్తగా చెక్కిన ముద్ర ఎంత నిజం చెప్పినా రేపు చూసేవారికి అది అబద్ధపు ముద్రగానే కనిపిస్తుంది. అందుకని ఆ భాగాన్ని ముట్టుకోలేదు. బంగారు ముద్ర గుంటలో దుమ్ము చేరకుండా సులభంగా కరిగించి తీసేయగల పారలాయిడ్ బి-72 అనే అక్రిలిక్ రెసిన్‌ను గోధుమ రంగు కలిపి, చుట్టూ ఉన్న లోహం కంటే ఒక వెంట్రుకవాసి లోతుగా ఉండేలా నింపాను. ఎదురుగా నిలబడితే కనపడదు, దగ్గరగా వచ్చి వెతికేవారికి కనపడుతుంది. చివర బొమ్మ అంతటా పలుచగా మైక్రోక్రిస్టలైన్ మైనం పూసి మెత్తని బ్రష్‌తో మెరుగు పెట్టాను.

నివేదికలో వస్తువు వివరం ఇలా ఉంది: ‘నడిచే పులి. నమూనా: ఆంత్వాన్-లూయీ బారీ. పోత: ఫెర్దినాన్ బార్బెదియెన్, పారిస్, 1876 తర్వాత. పోతశాల ముద్ర, పొదిగిన బంగారు ముద్ర తర్వాతి కాలంలో తొలగించారు.’ దీనితోపాటు ఏటవాలు వెలుతురులో తీసిన ఫోటోలు, అతినీలలోహిత ఫోటో, లోహ విశ్లేషణ, కొలతల పట్టిక జతపరిచాను. బీమా విలువ రసీదు ఊహించిన దానికంటే తగ్గింది, నకిలీ అన్న మాట వల్ల పడిపోయిన దానికంటే బాగా పెరిగింది. అమ్మాలన్న ఆలోచన యజమానురాలికి మొదటినుంచీ లేదు.

ఇక్కడి నుంచి జాగ్రత్తలు కొన్నే. బొమ్మను తోక పట్టుకునో కాళ్ళు పట్టుకునో ఎత్తకూడదు, తోక విడిగా పోసి శీలతో బిగించినది. రెండు చేతులతో పీఠాన్నీ పొట్టనూ పట్టుకుని ఎత్తాలి. ఇత్తడి పాలిష్, చింతపండు, నిమ్మకాయ, కొబ్బరినూనె దగ్గరికి రానివ్వకూడదు. పొడి మెత్తని బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు. గదిలో తేమ 50 శాతం దాటకుండా చూసుకోవాలి, వంటగదికి, పొయ్యి గూటికి దూరంగా ఉంచాలి. మైనం పొర పలుచబడిందో లేదో ఏడాదికోసారి పీఠం వెనుక అంచున, చెరిపిన చోటికి పక్కన చూసుకోవాలి. అక్కడి పాటినా అన్నిటికంటే బలహీనం కాబట్టి మార్పు వస్తే ముందుగా అక్కడే కనిపిస్తుంది.